పాత ప్రియస్ బేరం: బ్యాటరీ ఖర్చు ముందే పక్కన పెట్టుకోండి

ఆగస్టులో అమెరికాలో దిగిన పిల్లలకి అక్టోబరు వచ్చేసరికి కారు కావాలి. యూనివర్సిటీ బస్సు ఆదివారం రాదు, ఇండియన్ స్టోరు పన్నెండు మైళ్ళ దూరం, రూమ్మేట్‌ని ఎన్నాళ్ళని అడుగుతారు? చేతిలో ఆరేడు వేల డాలర్లుంటాయి. ఆ డబ్బుకి కంటికి ఆనేవి రెండే: రెండు లక్షల మైళ్ళు తిరిగిన కరోలా, లక్షన్నర తిరిగిన టయోటా ప్రియస్, అంటే పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారూ ఉండే హైబ్రిడ్ కారు. ప్రియస్ అని ఇంట్లో చెప్పగానే అమలాపురం నుంచో పాలకొల్లు నుంచో వాట్సాప్‌లో నాన్నగారు అడిగే మొదటి మాట, "బ్యాటరీ పోతే ఎంతవుద్దిరా?"

అడగాల్సిన ప్రశ్నేనండి. అయితే అక్కడితో ఆగిపోకూడదు. పన్నెండేళ్ళ హైబ్రిడ్‌లో బ్యాటరీ ఏదో ఒక రోజు పోతుంది, అందులో దాపరికం లేదు. దాని ధర ఎంతో మార్కెట్లో అందరికీ తెలుసు కాబట్టి బేరంలోనే తీసేసుకోవచ్చు. కొన్నవాళ్ళని నిలువునా ముంచేవి బ్యాటరీ మాటున ఎవరూ అడగని సంగతులు: ఇంజన్ హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది దిమ్మకీ మధ్య ఉండే సీలు), బ్రేకు పంపు, వరదలో మునిగి తేలిన బండి, రాత్రికి రాత్రి కోసుకుపోయే సైలెన్సర్ ముక్క.

ముందు ఆ బ్యాటరీ సంగతే తేల్చేద్దాం. ప్రియస్ రెండో తరం 2004 నుంచి 2009 దాకా, మూడో తరం 2010 నుంచి 2015 దాకా వచ్చింది. రెంటిలోనూ వెనక సీటు వెనకాల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉంటుంది. అందులో 28 మాడ్యూళ్ళు (చిన్న చిన్న బ్యాటరీ ముక్కలు), ఒక్కోటీ 7.2 వోల్టులు, అన్నీ సిరీస్‌లో, మొత్తం 201.6 వోల్టులు. సిరీస్ కాబట్టి ఒక్క మాడ్యూల్ నీరసించినా మిగతా 27 దాని నడకే నడవాలి. కంప్యూటర్ ఆ తేడా పసిగట్టి, బ్యాటరీ లోపాన్ని చెప్పే పీ0ఏ80 కోడ్ వేసి డాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలిగిస్తుంది. బండి అక్కడికక్కడ ఆగిపోకపోవచ్చు, కొన్నాళ్ళు కుంటుకుంటూ తిరుగుతుంది కూడా. అలా తిప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ధవళేశ్వరం దగ్గర గోదారి 11.75 అడుగులకి చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తే లంక రైతు గేదెల్ని గట్టు మీదకి తోలుకొస్తాడు గానీ 17.75 అడుగుల మూడో హెచ్చరిక దాకా కూర్చోడు. త్రికోణం వెలిగిందంటే అది మొదటి హెచ్చరిక అనుకుని కదలండి.

ఈ బ్యాటరీకి పడనివి వేడి, వయసు, ఖాళీగా పడి ఉండటం. మైళ్ళు ఎక్కువ తిరిగిందని భయపడక్కర్లేదు. రోజూ హైవే మీద తిరిగి 1,80,000 మైళ్ళు చేసిన 2013 బండి బ్యాటరీ, ముసలావిడ గరాజ్‌లో వారానికోసారి తీసిన 60,000 మైళ్ళ 2008 బండి బ్యాటరీ కంటే ఆరోగ్యంగా ఉండొచ్చు. "తక్కువ మైలేజీ, ఒకే ఓనరు" అన్న ప్రకటన మామూలు కారుకి వరం. పాత హైబ్రిడ్‌కి వచ్చేసరికి మళ్ళీ ఒకసారి ఆలోచించాలి. అరిజోనా, టెక్సస్ ఎండల్లో బతికిన బండికి బ్యాటరీ బెంగ, మిషిగన్, ఒహాయో మంచులో తిరిగిన బండికి తుప్పు బెంగ. అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అంతర్వేది సముద్రపు గాలికి ఇనప గేటు ఏమవుతుందో చూసినవాళ్ళకి కారు కిందికి వంగి ఎందుకు చూడాలో వేరే చెప్పక్కర్లేదు.

మార్చాల్సి వస్తే దారులు మూడు. డీలర్ దగ్గర కంపెనీ కొత్త బ్యాటరీ వేయిస్తే లేబర్‌తో కలిపి సుమారు 2,500 నుంచి 4,500 డాలర్లు అవుతుంది. ఊరిని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. కొత్త సెల్స్‌తో బయటి కంపెనీలు చేసినవి దానికంటే కొంచెం తగ్గుతాయి. మూడోది రీఫర్బిష్డ్, వెయ్యి నుంచి 1,800 దాకా. ఇంటి ముందుకే వచ్చి గంటన్నరలో బిగించి పోతారు, వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అందులో జరిగేది ఏమిటంటే, చచ్చిన రెండు మూడు మాడ్యూళ్ళు తీసి వేరే పాత బ్యాటరీలోంచి బతికున్నవి పెడతారు. ముసలి ఎద్దు పక్కన కుర్ర ఎద్దుని కాడికి కడితే ఏమవుతుంది? కుర్రదీ సరిగ్గా లాగదు, ముసలిదీ తొందరగా కూలబడుతుంది. ఆరు నెలల్లో ఇంకో మాడ్యూల్ పోతుంది, మళ్ళీ వాళ్ళకే ఫోను. బండిని ఏడాదిలో అమ్మేసే ఆలోచన ఉంటే రీఫర్బిష్డ్ సరే. చదువై ఉద్యోగంలో కుదురుకునేదాకా మూడేళ్ళు వాడాలంటే కొత్తదే చవక.

"నేనే మార్చేస్తా, యూట్యూబ్‌లో ఉంది" అనే ఈఈఈ తమ్ముళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. అది 200 వోల్టుల డీసీ, ప్రాణం తీస్తుంది. నారింజ రంగు తీగలు కనబడిన చోట చెయ్యి పెట్టకండి.

ఇప్పుడు లెక్క. అమ్మేవాడు 6,000 చెప్పాడనుకోండి. బ్యాటరీ మార్చినట్టు రసీదు లేకపోతే మీ మనసులో ఆ బండి ధర 8,500. ఆ 8,500కి ఇంతకన్నా మంచి కారు వస్తుందంటే ఈ బండి వదిలేయండి. రాదంటే బేరం మొదలెట్టండి, మిగిలిన 2,500 బ్యాంకులోనే ఉంచండి. దాన్ని టికెట్లకీ ఐఫోన్‌కీ వాడేస్తే ఈ లెక్కంతా వృథా. ఇక "బ్యాటరీ కొత్తగా వేయించాం" అంటే రసీదు మీద తేదీ, మైలేజీ, కొత్తదా రీఫర్బిష్డా అన్నది, వారంటీ మీ పేరుకి మారుతుందా లేదా అన్నది చూడండి. నోటిమాట వారంటీకి విలువ లేదు. కంపెనీ వారంటీ మాటెత్తితే, పాతవాటికి సాధారణంగా 8 ఏళ్ళు లేదా 1,00,000 మైళ్ళు, కాలిఫోర్నియా పొగ నియమాలు పాటించే రాష్ట్రాల్లో బ్యాటరీకి 10 ఏళ్ళు లేదా 1,50,000 మైళ్ళు ఉండేది. మీరు చూస్తున్న 2012 బండికి ఏ లెక్కన చూసినా అది తీరిపోయింది.

బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి. "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని ముందు రోజే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఏదో కప్పిపుచ్చుతున్నారనుకుని ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. ఎందుకంటారా? మూడో తరం ప్రియస్ అసలు జబ్బు బయటపడేది రాత్రంతా చల్లారిన ఇంజన్ మొదటి అర నిమిషంలోనే.

ఆ జబ్బు మూలం ఇది. సైలెన్సర్లోకి పోయే పొగలో కొంత భాగాన్ని చల్లార్చి మళ్ళీ ఇంజన్లోకి పంపే ఏర్పాటు ఒకటుంది, ఈజీఆర్ అంటారు. ఆ 1.8 లీటర్ల ఇంజన్లో ఈజీఆర్ కూలర్ లోపల మసి పేరుకుపోతుంది, పొయ్యి గొట్టంలో పట్టినట్టు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో) సన్న రంధ్రాలూ మూసుకుపోతాయి. చల్లటి పొగ అన్ని సిలిండర్లకీ సమానంగా అందక కొన్ని మరీ వేడెక్కుతాయి, చివరికి ఆ వేడి హెడ్ గాస్కెట్‌ని తినేస్తుంది. అప్పటినుంచి రాత్రిపూట కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) బొట్టుబొట్టుగా సిలిండర్లోకి దిగుతుంది. పొద్దున్న మీట నొక్కి, ఇంజన్ అందుకోగానే బండంతా గడగడా వణుకుతుంది, బానెట్ కింద ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. పది, ఇరవై క్షణాల్లో సర్దుకుని ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. మధ్యాహ్నం వెళ్ళినవాడికి అది కనబడదు. పట్టించుకోకుండా తిప్పితే సిలిండర్లో చేరిన నీటికి కనెక్టింగ్ రాడ్ వంగి ఇంజనే పోతుంది. గాస్కెట్ పనికి రెండు వేల పైమాటే, ఇంజన్ మార్చాలంటే బండి ధర దాటినా ఆశ్చర్యం లేదు.

కాబట్టి మూడో తరం బండి అమ్మేవాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న బ్యాటరీ గురించి కాదు. "ఈజీఆర్ కూలర్ ఎప్పుడు శుభ్రం చేయించారు?" అని అడగండి. "అదేంటి?" అన్నాడంటే ఎప్పుడూ చేయించలేదని. లక్ష మైళ్ళు దాటి, ఆ పని జరగని 2010, 2011, 2012 బండ్ల జోలికి వెళ్ళొద్దనే మా సలహా. మరీ చవగ్గా వస్తే కొన్న వారంలోనే శుభ్రం చేయించండి, నాలుగైదు వందల పని. కూలెంట్ డబ్బా కూడా చూడండి. గులాబీ రంగులో, రెండు గీతల మధ్యన ఉండాలి. గీత కిందకి దిగి ఉన్నా, నీళ్ళలా పలచగా కనబడినా వదిలేయండి. లెక్సస్ సీటీ200హెచ్, ప్రియస్ వీ బండ్లదీ ఇదే ఇంజన్, ఇదే జబ్బు. పేరులో లెక్సస్ ఉందని మురిసిపోనక్కర్లేదు.

ఇంజన్ సంగతి తేలాక బండిని రెడీలోనే (స్టార్ట్ చేసి, నడపడానికి సిద్ధంగా) ఉంచి, గేరు పీలో (పార్కింగ్‌లో) పెట్టి, ఏసీ ఫ్యాను బాగా పెంచి కూర్చోండి. తెర మీద బ్యాటరీ గీతలు 8 ఉంటాయి, మామూలుగా ఆరు నిండి ఉంటాయి. అవి నెమ్మదిగా తగ్గాలి. రెండు మూడు నిమిషాల్లోనే రెండుకి పడిపోయి, ఇంజన్ అందుకున్నాక అంతే గబగబా ఆకుపచ్చగా నిండిపోతే లోపల పట్టు లేదని అర్థం. కురిడీ కాయ ఊపితే గలగలమంటుంది, పైకి నిండుగానే కనిపిస్తుంది, నీళ్ళు మాత్రం ఎప్పుడో ఇంకిపోయి ఉంటాయి. ఈ బ్యాటరీ పరిస్థితీ అదే. వెనక సీటు పక్కన ఫ్యాను హోరుమంటే అదీ ఒక సూచన, లోపల వేడెక్కుతోందన్నమాట.

ఇంకా నికరంగా కావాలంటే బండి కంప్యూటర్‌కి తగిలించి ఫోన్లో చదువుకునే ఓబీడీ2 బ్లూటూత్ అడాప్టర్ పాతిక ముప్ఫై డాలర్లకి దొరుకుతుంది. ఫోన్లో డాక్టర్ ప్రియస్ ఆప్ వేసుకోండి. 28 మాడ్యూళ్ళని రెండేసి చొప్పున 14 జతలుగా చూపిస్తుంది. ఒక్కో జత పదిహేను, పదహారు వోల్టుల దగ్గర ఉంటుంది. బండి గట్టిగా ఎత్తుకున్నప్పుడు కూడా జతలన్నీ దగ్గరదగ్గరగా కదలాలి. ప్రతిసారీ ఒకే జత మిగతావాటికంటే ఒక వోల్టుకి పైగా కిందకి జారుతుంటే ఆ బ్యాటరీకి రోజులు దగ్గరపడ్డట్టే. అదే అడాప్టర్‌తో రెడీనెస్ మానిటర్లు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) పూర్తయ్యాయో లేదో కూడా చూడండి. అవి అసంపూర్తిగా ఉంటే నిన్నో మొన్నో ఎవరో కోడ్‌లు చెరిపేశారన్నమాట. డాష్‌బోర్డు మీద లైటు లేకపోవడం వేరు, లేకుండా చెయ్యడం వేరు.

బ్రేకు పరీక్షకి చెవి చాలు. డ్రైవర్ తలుపు తీయగానే బానెట్ వైపు నుంచి కొన్ని క్షణాలు జుర్రుమని పంపు తిరుగుతుంది, అది మామూలే. ఆ తర్వాత బ్రేకు ముట్టుకోకుండా ఊరికే కూర్చున్నా అర నిమిషానికోసారి తిరుగుతుంటే లోపల ప్రెషర్ కారిపోతోంది. బూస్టర్ మార్చాలి, అదీ రెండు మూడు వేల మాట. బ్రేకు ప్యాడ్లు మాత్రం ఈ బండ్లలో లక్ష మైళ్ళు దాకా వస్తాయి, ఆపే పనిలో సగం మోటారే చేస్తుంది కాబట్టి. రెండో తరం బండైతే బానెట్ తెరిచి ఇన్వర్టర్ (బ్యాటరీ కరెంటుని మోటారుకి సరిపడేలా మార్చే పెట్టె) కూలెంట్ డబ్బా మూత తీసి చూడండి. రెడీలో ఉన్నప్పుడు నీరు సుళ్ళు తిరగాలి. చెరువులో నీరులా కదలకుండా ఉంటే చిన్న పంపు చచ్చిపోయింది. పంపు ఖరీదు తక్కువే, దాన్ని చూసుకోకపోతే వేడెక్కి పోయే ఇన్వర్టర్ ఖరీదు ఎక్కువ. మూడో తరానికి ఇన్వర్టర్ సంగతిగా 2014లోనూ 2018లోనూ రీకాల్స్ (లోపాన్ని ఉచితంగా సరిచేస్తామని కంపెనీ పిలుపు) వచ్చాయి. అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో విన్ నంబరు (ఒక్కో బండికి విడిగా ఉండే గుర్తింపు నంబరు) కొడితే ఆ పని జరిగిందో లేదో ఉచితంగా తెలుస్తుంది.

మొదట్లో చెప్పిన సైలెన్సర్ ముక్క, అంటే పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దొంగతనం గురించి మన ఊళ్ళో చెబితే నవ్వుతారు. అందులో రోడియం, పల్లేడియం, ప్లాటినం ఉంటాయి. హైబ్రిడ్‌లో ఇంజన్ తక్కువ తిరుగుతుంది కాబట్టి ఆ లోహాలు పెద్దగా అరగవు, దొంగకి అందుకే ముద్దు. జాకీ, రంపం, రెండు నిమిషాలు. పొద్దున్న స్టార్ట్ చేస్తే బండి ట్రాక్టర్‌లా అరుస్తుంది. రెండో తరం బండ్లకి ఈ బెడద మరీ ఎక్కువ. అపార్ట్‌మెంట్ బయట వీధిలో పార్క్ చేసేవాళ్ళు కిందనుంచి లోహపు షీల్డు బిగించుకోండి. లయబిలిటీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్ళ నష్టానికి ఇచ్చేది) ఒక్కటే ఉంటే దీనికి పైసా రాదు, కొలిజన్ (బండి గుద్దుకుంటే ఇచ్చేది) కిందకీ రాదు. దొంగతనం లాంటివాటికి ఇచ్చే కాంప్రిహెన్సివ్ ఉండాలి, అదీ డిడక్టిబుల్ (మీ జేబులోంచి కట్టాల్సిన వాటా) పోను.

వరద బండి సంగతి డెల్టావాళ్ళకి వేరే చెప్పాలా? గోదారి తగ్గాక లంకల్లో ఇళ్ళ గోడల మీద ఎర్రటి గీత మిగిలిపోతుంది కదా, కారులోనూ ఆ గీతే వెతకాలి. 2017లో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ని, 2022లో ఇయన్ తుఫాను ఫ్లారిడాని ముంచాక నీళ్ళలో నానిన కార్లు వేలం పాటల మీదుగా వేరే రాష్ట్రాలకి చేరాయి. సీటు బెల్టుని చివరికంటా లాగండి. పైన శుభ్రంగా ఉన్నా లోపలి అడుగులో బురద మరక దొరుకుతుంది. సీటు కింద పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ గుంట, డాష్‌బోర్డు కింద తీగల కనెక్టర్లు టార్చి వేసి చూడండి. గుప్పుమనే సెంటు వాసనంటే అనుమానించండి. మామూలు కారు తడిస్తే ఆరబెట్టుకుని ఎలాగోలా నడిపిస్తారు, హైబ్రిడ్‌లో కనెక్టర్ల పచ్చ తుప్పు రెండేళ్ళ తర్వాత కూడా కొత్త కొత్త లైట్లు వెలిగిస్తూనే ఉంటుంది. బండి చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ రిపోర్టు తీయండి గానీ అందులో లేనిదంతా జరగనట్టు కాదు. ఇన్సూరెన్స్ మోసాల మీద పనిచేసే ఎన్‌ఐసీబీ సంస్థ సైటులో విన్ నంబరుతో ఉచితంగా ఇంకోసారి చూసుకోండి. సాల్వేజ్, రీబిల్ట్ టైటిల్ (బాగుచేయడం దండగని ఇన్సూరెన్స్ వదిలేసిందనో, అలా వదిలేశాక బాగుచేశారనో రాసి ఉన్న యాజమాన్య కాగితం) ఉన్న పాత హైబ్రిడ్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు. తిరిగి అమ్మేటప్పుడు కొనేవాడుండడు.

ఇంతకీ మీకు హైబ్రిడ్ అవసరమా? ఏడాదికి 15,000 మైళ్ళు తిరిగేవాళ్ళకి, గాలనుకి 45 మైళ్ళిచ్చే ప్రియస్‌కి 333 గాలన్లు, 30 ఇచ్చే కరోలాకి 500 గాలన్లు. గాలను మూడున్నర డాలర్లనుకుంటే ఏడాదికి 580 పైచిలుకు మిగులుతుంది, నాలుగైదేళ్ళలో బ్యాటరీ డబ్బు వచ్చేస్తుంది. క్యాంపస్‌కీ కాస్ట్‌కోకీ కలిపి 5,000 మైళ్ళే తిరిగేవాళ్ళకి మిగిలేది రెండొందలు కూడా ఉండదు. అలాంటి బండి ఎక్కువగా ఖాళీగానే పడి ఉంటుంది, పైన చెప్పినట్టు అది బ్యాటరీకి పడదు. వాళ్ళు కళ్ళు మూసుకుని కరోలా కొనుక్కోవడం మంచిది. ఎక్కువ తిరగడానికి డెలివరీలు చేస్తానంటారేమో, ఎఫ్1 వీసా మీద ఊబర్, డోర్‌డాష్ నడపకూడదు. కారు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, వీసా స్టేటస్ పోతే కష్టం.

మోడళ్ళలో మా ఓటు ఇలా. డబ్బు చాలితే 2016 తర్వాతి ప్రియస్. లేకపోతే 2012 నుంచి 2017 మధ్య క్యామ్రీ హైబ్రిడ్, ప్రియస్ అంత మైలేజీ ఇవ్వదు గానీ ఇంజన్‌కి పైన చెప్పిన గాస్కెట్ తలనొప్పి లేదు. ఇంకా తక్కువలో అంటే రసీదులున్న 2006-2009 ప్రియస్. 2006, 2007, 2008 హోండా సివిక్ హైబ్రిడ్ మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా ఆలోచించండి, వాటి బ్యాటరీలు చిన్న వయసులోనే పోయి కోర్టు దాకా వెళ్ళిన కథ ఉంది.

కాగితాల దగ్గర తొందరపడొద్దు. టైటిల్ మీద పేరు, అమ్మేవాడి లైసెన్సు మీద పేరు ఒకటే కావాలి. "మా ఫ్రెండ్ పేరు మీదుంది, అతను ఊళ్ళో లేడు" అంటే దండం పెట్టి వచ్చేయండి. విన్ నంబరు అద్దం కిందా తలుపు పక్కనా టైటిల్ మీదా ఒకేలా ఉండాలి. బండి చూడకుండా జెల్‌లో (ఫోన్ నుంచి బ్యాంకు డబ్బు పంపే ఏర్పాటు) అడ్వాన్స్ పంపకండి, తెలుగువాడైనా సరే. కొనేముందు హైబ్రిడ్ పని తెలిసిన బయటి మెకానిక్ దగ్గర నూట యాభై డాలర్లిచ్చి చూపించండి. అందుకు ఒప్పుకోని వాడి దగ్గర కొనొద్దు.

కొన్నాక అందరూ చేసే తప్పొకటుంది. వెనక సీటు కుడి పక్కన జల్లెడలా ఒక కిటికీ ఉంటుంది, బ్యాటరీ గాలి పీల్చేది దాన్లోంచే. ఇండియన్ స్టోరు నుంచి వస్తూ ఇరవై పౌండ్ల సోనా మసూరి బస్తా సరిగ్గా దానికి ఆనించి పెడతారు. దాన్ని ఎప్పుడూ మూయకండి, ఏడాదికోసారి లోపలి ఫ్యాను దుమ్ము దులిపించండి. ఎండాకాలం పెట్రోలు మిగులుతుందని ఏసీ ఆపి అద్దాలు దించి నడపకండి, మీరు పీల్చే గాలే అదీ పీలుస్తుంది.

సంక్రాంతికి నెల రోజులు ఊరెళ్తున్నారా? డిక్కీలో కుడి మూల ఉన్న చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఆ నెలలో చచ్చిపోవచ్చు. అది లేకపోతే వెనకున్న 200 వోల్టులు ఎంత బాగున్నా బండి లేవదు, రిలేలు మూసేది ఈ చిన్నదే. పెద్ద బ్యాటరీ పోయిందని బెంబేలెత్తి టోయింగ్ పిలిచేవాళ్ళలో చాలామందికి పోయింది ఇదే, రెండు మూడొందలతో అయిపోయే పని. వారానికోసారి ఎవరైనా స్నేహితుణ్ణి అరగంట తిప్పమనండి. వీలుకాక తిరిగొచ్చేసరికి చచ్చి ఉంటే డిక్కీ కూడా తెరుచుకోదు, దాని తాళం కరెంటుది. రిమోట్ లోపల దాగి ఉన్న ఇనప తాళంచెవి లాగి డ్రైవర్ తలుపు తెరవండి, బానెట్ ఎత్తండి, ఫ్యూజు పెట్టెలో ఎర్ర మూత కింద జంప్ పాయింటు ఉంటుంది. ప్లస్ అక్కడ, మైనస్ ఇంజన్ దగ్గర పెయింటు లేని లోహానికి. రెండూ తారుమారైతే ఫ్యూజులతో పాటు ఇన్వర్టర్ కూడా దెబ్బతినొచ్చు, కాబట్టి తీగ తగిలించే ముందు రంగు ఇంకోసారి చూసుకోండి.